హాజరులో ఫస్టు

లహరి చదువు పప్పుడబ్బాకు ఆనుకొని నడుస్తోంది. పొయ్యి పక్కన గట్టు మీద కందిపప్పు డబ్బా, డబ్బాకు ఆనించి ఫోను, ఫోనులో సువార్త మేడం. డబ్బా నిండుగా ఉన్న రోజుల్లో మేడం నిటారుగా నిలబడి పాఠం చెబుతుంది. పప్పు అడుగంటిన రోజుల్లో డబ్బా తేలికై జరిగిపోతుంది కాబట్టి, మేడం మెల్లగా వెనక్కి వాలి, ఉన్నట్టుండి పైకప్పుకు పాఠం చెప్పడం మొదలుపెడుతుంది. అప్పుడు లహరి తడిచేతిని కొంగుకు తుడుచుకుని మేడాన్ని లేపి నిలబెట్టి, మళ్లీ కూరగాయల మీద పడుతుంది. ఆవిడ ఏం చెబుతోందో మాత్రం అడగకండి. లహరికే తెలియదు.

చదువేమిటంటే, చిన్నపిల్లల బడిలో టీచరు కావడానికి ఏడాది శిక్షణ. లహరి ఉండే రాప్తాడులోనే ఒక చిన్న బడి హెడ్‌మిస్ట్రెస్ ఏదో పెళ్లిలో కలిసినప్పుడు, "శిక్షణ పూర్తి చేసి రామ్మా, పిల్లల ముందర నిలబడి ఒక పాఠం చెప్పి చూపించు, బాగుంటే తీసుకుంటా" అన్నది. ఆ మాటను లహరి ఆర్నెల్లుగా మనసులో పెట్టుకుని తిరుగుతోంది. ఒక గది, గది నిండా నేల మీద కూర్చున్న బుడ్డపిల్లలు, వాళ్ల ముందు తను. పెళ్లయిన ఈ నాలుగేళ్లలో తన కోసం కోరుకున్నది అదొక్కటే.

శిక్షణ ఇచ్చే సంస్థ అనంతపురంలో ఉంది. రోజూ పోయి బెంచీలో కూర్చుని చదువుకోవచ్చు, లేదంటే అదే పాఠాన్ని అదే వేళకు ఇంట్లోనే ఫోనులో చూసి చదువుకోవచ్చు. రాప్తాడు నుంచి అనంతపురం ఏమంత దూరం కాదు, బస్సులో సీటు దొరికి కాస్త సర్దుకుని కూర్చునేసరికి దిగాల్సిన చోటు వస్తుంది. లహరికి బెంచీ మీదే మనసు. కానీ భర్త విష్ణువర్ధన్‌కు డ్రిప్పు పైపుల అంగడి ఉంది, చీనీ తోట, అంటే బత్తాయి తోట ఉంది, వీటికి తోడు కాస్త రాజకీయం కూడా ఉంది. రాజకీయం ఉన్నవాడికి ప్రతి విషయంలోనూ లాభనష్టాలు బేరీజు వేయడం అలవాటు.

"ఆన్‌లైన్ అంటే ఎంత సుఖమో నీకు తెల్దు. ఎండలో పొయ్యేది లేదు, బస్సులో తోసుకునేది లేదు. నువ్వు ఇంట్లో ఉన్నట్టూ ఉంటాది, చదువుకున్నట్టూ ఉంటాది" అన్నాడు విష్ణువర్ధన్.

"కోడలు చదువుకుంటానంటే మేమేమన్నా వద్దంటామా? ఇంట్లో కూర్చోని ఎంతన్నా చదువుకోనీ" అన్నది అత్త సుబ్బలక్ష్మమ్మ.

ఇందులో ఎవరూ చెడ్డమాట అనలేదు. ఆ మాటల్లో అబద్ధం కూడా ఒక్కటే ఉంది, ఆ 'కూర్చోని' అన్నది. క్లాసులు మొదలయ్యాక లహరి ఒక్క పాఠం కూడా కూర్చుని వినలేదు. ఆడవాళ్లకు బస్సు ఉచితం చేసిన రోజు ఇదే విష్ణువర్ధన్ జెండా పట్టుకుని బస్సు ముందు నిలబడి, ఇంక మన ఆడపడుచులు యాడికంటే ఆడికి పోవచ్చునని మైకులో చెప్పాడు. ఆ ఆడపడుచుల లెక్కలో తన పెళ్లాం ఉన్నట్టు అతనికి తట్టినట్టు లేదు. ఆ ఉపన్యాసం లహరి వినలేదు, అప్పుడు వచ్చిన కార్యకర్తలకు టీలు పెడుతోంది.

ఇక పాఠాల సంగతి. పొద్దున పది కొట్టగానే మేడం గొంతు వినిపిస్తుంది. "ఈ రోజు పిల్లవాడి మెదడు ఎలా నేర్చుకుంటుందో తెలుసుకుందాం" అంటుంది. లహరి చెవులు రిక్కించేలోపు అదే ఫోనులో తోటలోంచి విష్ణువర్ధన్ అరుపు, "త్రీఫేజు కరెంటు వచ్చె, మోటారెయ్" అని. స్టార్టరు పెరట్లో ఉంది. పోయి మోటారు వేసి, అది గుర్రుమనేదాకా నిలబడి తిరిగి వచ్చేసరికి, మేడం ముగింపులో ఉంటుంది, "అందుకే బంకమట్టి వాడాలన్నమాట." మెదడుకు, బంకమట్టికి ఏం సంబంధం? లహరి వారం రోజులు ఆలోచించింది. గిన్నెలు తోముతూ ఆలోచించింది, సంగటి కెలుకుతూ ఆలోచించింది. మేడాన్ని అడుగుదామంటే అడగడానికి మైకు ఆన్ చేయాలి. మైకు ఆన్ చేస్తే ఇల్లంతా క్లాసులోకి వస్తుంది.

ఆ భయానికి కారణముంది. ఒకసారి మేడం, "మాట వినని పిల్లవాడిని ఏం చేయాలి? ఎవరైనా చెప్పండి" అని అడిగింది. లహరి ఉత్సాహంగా మైకు నొక్కింది. నోరు తెరిచేలోపు, వసారాలో కూలి ఆడవాళ్లతో కూర్చుని విత్తనానికి వేరుశెనగ కాయలు ఒలుస్తున్న సుబ్బలక్ష్మమ్మ తనను అడిగినట్టే అందుకుంది.

"ఏముండాది అడిగేదానికి, రెండు తగిలియ్యల్ల. అప్పుడు ఇంటాడు."

క్లాసు క్లాసంతా విన్నది. ఫోనులో అందరి పళ్లూ కనిపించాయి. ఆ రోజు నుంచి లహరి మైకు జోలికి పోలేదు.

అయితే చదువు ఎలా ఉన్నా హాజరు మాత్రం పోకూడదు. పాఠం మధ్యలో ఎప్పుడో ఒకప్పుడు ఫోను టింగుమంటుంది, తెర మీద పచ్చని బటన్ ఒకటి వస్తుంది, దాన్ని వెంటనే తాకితేనే ఆ పూట ఉన్నట్టు లెక్క. మొదట్లో ఆ టింగు వినిపించినప్పుడల్లా లహరి పెరట్లోంచో మిద్దె మీంచో పరుగెత్తుకుంటూ వచ్చేది. అలా వస్తూ ఒకసారి గడప తట్టుకుని పడింది. అప్పుడు ఇంట్లో అందరికీ నిజంగానే బాధ కలిగింది. పెద్దవాళ్లు కూర్చుని మాట్లాడుకున్నారు. పాపం పిల్ల చదువు కోసం ఎంత అవస్థ పడుతోంది, మనం ఒక చెయ్యి వేయాలి అనుకున్నారు.

ఆ చెయ్యి మొదట మామ ఎర్రన్నది. ఆయన జీవితంలో యంత్రాన్ని తాకిందంతా బియ్యం కోసమో పింఛను కోసమో వేలిముద్ర వేయడానికే. అందుకని టింగుమనగానే తువ్వాలతో బొటనవేలు బాగా తుడిచి, నోటితో ఊది, బటన్ మీద పెట్టి గట్టిగా అదిమి పట్టేవాడు.

"నా యేలు పెడితే నీ పేరు ఎట్ల పడతాదమ్మా? మిషన్ కనుక్కోదా?" అని భయం భయంగా అడిగాడు.

"వేలిముద్ర కాదు మామా, ఊరికే తాకితే చాలు."

ఎర్రన్న నమ్మలేదు. నొక్కిన ప్రతిసారీ యంత్రంలోంచి చీటీ వస్తుందేమోనని కాసేపు ఫోను కిందికి, పక్కకు చూసి, రాకపోతే నిట్టూర్చేవాడు. ఇలా కాదని సుబ్బలక్ష్మమ్మ ఆ బాధ్యత తీసుకుంది. ఆవిడ ఏ పనైనా పట్టిందంటే వదలదు. ఫోను వసారాలో తన పక్కనే పెట్టించుకుంది. కాయలు ఒలుస్తూనే, కూలోళ్లతో మాట్లాడుతూనే, ఒక చెవి ఫోనుకు వేసి, టింగుమనడమే తరువాయి ఠక్కున నొక్కేది. మొదట్లో "లహరీ, నీ హాజరొచ్చె" అని కేకేసేది. తర్వాత ఆ కేక కూడా మానేసింది, అనవసరం కదా.

"నువ్వు పోమ్మా, తోట కాడికి అన్నం తీసకపో. నీ హాజరు నేను చూసుకుంటా."

అలా లహరి అన్నం మోసింది, మజ్జిగ చిలికింది, మోటారు వేసింది, ఆపింది. ఆమె చదువు అత్త దగ్గర భద్రంగా ఉంది. చుట్టుపక్కల ఆడవాళ్లు, ఇట్లాంటి అత్త ఎవరికి దొరుకుతాదమ్మా, దగ్గరుండి చదివిస్తాంది అని మెచ్చుకున్నారు. లహరి కూడా అవునన్నట్టు తలూపింది. తలూపుతూ ఉంటే లోపల ఎక్కడో ఏడుపు వచ్చేది. ఎవరి మీద ఏడవాలో తెలియక ఉల్లిపాయలు తరిగే పని ముందు పెట్టుకునేది. ఇంట్లో ఎవరైనా అడ్డుపడి ఉంటే పోట్లాడి ఉండేది. ఇంత సాయం చేస్తున్నవాళ్లతో ఏమని పోట్లాడుతుంది?

సగం శిక్షణ గడిచాక సంస్థవాళ్లు ఒక కబురు పంపారు. ఆన్‌లైన్‌లో చదివేవాళ్లందరూ ఒకరోజు తప్పకుండా అనంతపురం రావాలి, నేరుగా క్లాసు ఉంటుంది. పైగా హాజరులో లహరి ఫస్టు, ఆమెకు బహుమతి కూడా ఉంది. సుబ్బలక్ష్మమ్మ ఆ సంగతి వీధి చివరి ఇంటిదాకా చెప్పి వచ్చింది. ఆవిడ గర్వంలో న్యాయం ఉంది, ఫస్టు వచ్చింది ఆవిడే.

విష్ణువర్ధన్ మాత్రం ముఖం ముడుచుకున్నాడు. "ఒక్కరోజే కదా. సరే పో. ఫోను దగ్గర పెట్టుకో, ఏమన్నా కావల్లంటే చేస్తాము" అన్నాడు.

ఆ రోజు లహరి తెల్లవారకముందే లేచి రెండు పూటలకూ వండి, మామ మాత్రలు తీసి పెట్టి, ఏ డబ్బా ఎక్కడుందో ఇల్లంతా తిప్పి చూపించి బస్సెక్కింది. క్లాసు గది తలుపు దగ్గర సువార్త మేడం ఒక బుట్ట పట్టుకుని నిలబడి ఉంది. ఫోనులో అరచేయంత ఉండే మనిషి ఎదురుగా ఇంత పొడుగ్గా ఉండటం చూసి లహరికి కాస్త కంగారు పుట్టింది.

"ఫోన్లు బుట్టలో వేయండి. సాయంత్రం ఇస్తా" అన్నది మేడం.

లహరి ఫోను బుట్టలో వేసి చివరి బెంచీలో కూర్చుంది. కూర్చుంది అంటే అలాంటిలాంటి కూర్చోవడం కాదు. వీపు ఆనించి, కాళ్లు చాపి, రెండు చేతులూ ఖాళీగా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ చేతులను ఏం చేయాలో కాసేపు తెలియలేదు. ఫ్యాను తిరుగుతోంది. మేడం మాట్లాడుతోంది. ఇంకెవరూ మాట్లాడటం లేదు. రోడ్డు మీద లారీ హారన్ కూసినప్పుడు, కుక్కరేమో అనుకుని లేచి నిలబడింది. పక్కనే కూర్చున్న అమ్మాయి కొంగు పట్టి లాగి కూర్చోబెట్టింది.

ఆ అమ్మాయి పేరు కృపాకుమారి. తనకల్లు నుంచి వచ్చి అనంతపురంలో హాస్టల్లో ఉంటూ రోజూ క్లాసులో కూర్చుని చదివే బ్యాచి. "రెండు తగిలియ్యల్ల అన్నది మీ ఇంట్లోనే కదా?" అని చెవిలో అడిగి, నోరు మూసుకుని నవ్వింది. లహరికీ నవ్వాగలేదు. క్లాసులో పక్కవాళ్లతో కలిసి దొంగగా నవ్వి ఎన్నేళ్లయిందో. ఈ నవ్వు ఫోనులో దొరకదని ఆమెకు అప్పుడే తెలిసింది.

పొద్దు పొడుగునా పాఠాలు జరిగాయి. ఒక్కో పాఠానికి మొదలు, నడుము, చివర మూడూ ఉండటం చూసి లహరి ఆశ్చర్యపోయింది. మధ్యాహ్నం ఎవరో చిత్రాన్నం వండి తెచ్చి ఆకులో వడ్డించారు. ఉప్పు కాస్త తక్కువైంది. అయినా అది తన తప్పు కానందుకు రెండోసారి పెట్టించుకుని తిన్నది.

తిన్నాక మేడం చర్చ పెట్టింది. క్లాసులో చదివేవాళ్లు దాని మంచిచెడ్డలు చెప్పాలి, ఆన్‌లైన్‌వాళ్లు దాని సంగతి చెప్పాలి. ముందు కృపాకుమారి లేచింది.

"క్లాసులో అయితే నాకు అర్థం కాలేదని నేను చెప్పే పని లేదు మేడం. నా మొగం చూస్తే మీకే తెలుస్తాది, మళ్లీ చెప్తారు. నష్టమంటారా, నా బిడ్డ మా అమ్మ కాడ తనకల్లులో ఉండాది. సాయంత్రం పూట ఫోనులో చూసుకుంటా. నేను చదివేది ఈడ, బిడ్డను పెంచేది ఆన్‌లైన్‌లో" అన్నది. అందరూ నవ్వారు. తనూ నవ్వి, కూర్చున్నాక కళ్లు తుడుచుకుంది. లహరి ఆమె చేతి మీద చెయ్యి వేసింది.

"ఆన్‌లైన్ తరఫున హాజరులో ఫస్టు వచ్చిన లహరి" అన్నది మేడం.

లహరి లేచి నిలబడింది. గంభీరంగా మాట్లాడాలనే అనుకుంది. నోరు తెరిస్తే ఇల్లు బయటికి వచ్చింది.

"ఆన్‌లైన్‌లో లాభాలు చానా ఉండాయి మేడం. పాలు పొంగిపోవు. త్రీఫేజు వచ్చిన ఎంటనే మోటారు పడతాది. మా మామ టీ అడిగితే చల్లారకముందే చేతికొస్తాది. మా ఆయనకు తోట కాడికి వేడన్నం పోతాది. కాయలు ఒలిచేటోళ్లకు మజ్జిగ అందుతాది. మా అత్తకు పొద్దు పోతాది. ఇంకా, కోడల్ని చదివిస్తాండారని ఊర్లో మా ఇంటికి మంచి పేరొచ్చింది."

గది గదంతా పగలబడి నవ్వుతోంది. మేడం కూడా నవ్వి, కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"ఇవన్నీ వాళ్లకమ్మా. నీకేం లాభం?"

లహరి ఆలోచించింది. ఇంట్లో ఏ వస్తువు ఏ మూల ఉందో కళ్లు మూసుకుని చెప్పగలదు. తన లాభం ఎక్కడ పెట్టిందో మాత్రం గుర్తు రావడం లేదు. "నాకు హాజరు మేడం" అన్నది చివరికి. ఆ వెంటనే, "అది కూడా మా అత్తది" అని నిజం చెప్పేసింది. ఈసారి నవ్వినవాళ్లు తక్కువ. ఆన్‌లైన్ బెంచీల్లో కొందరు తలలు దించుకున్నారు. వాళ్ల హాజరు ఎవరిదో ఏమో.

సాయంత్రం అందరూ వెళ్తుంటే మేడం ఆమెను ఆపింది. "లహరీ, హాజరులో నువ్వు ఫస్టు. కానీ నిన్ను నేను ఈ రోజే చూసినా. చివర్లో పిల్లల ముందర పాఠం చెప్పల్ల, దానికి బటన్ ఉండదు. ఏమన్నా చెప్పగలవా ఇప్పుడు?"

"లేదు మేడం" అన్నది లహరి. ఆ హెడ్‌మిస్ట్రెస్ ముందు, ఆ బుడ్డపిల్లల ముందు నోరు పెగలక నిలబడిన తన రూపం కనిపించి భయమేసింది. ఆ భయంలోంచే ఎన్నాళ్లనుంచో దాచుకున్న ప్రశ్న బయటికి వచ్చింది. "మేడం, మెదడుకు బంకమట్టి ఏంటికి?"

మేడం ఆశ్చర్యపోయి, తర్వాత మెల్లగా చెప్పింది. "పిల్లలు బలపం పట్టేముందు వేళ్లకు బలం రావల్ల. మట్టి పిసికితే వస్తాది. పిల్లోళ్ల మెదడు వేళ్లతోనే నేర్చుకుంటాది. ఒకరి బదులు ఇంకొకరు పిసికితే రాదు." చివరి మాట ఆవిడ పాఠంలో ఉన్నదో, లహరి కోసం కలిపిందో తెలియదు. "నేరుగా క్లాసుకు మారేదానికి ఈ వారం దాకా టైముండాది" అని మాత్రం అన్నది.

బుట్టలోంచి ఫోను తీసుకుంటే, తెర నిండా ఇంటినుంచి వచ్చిన పిలుపులు, కింద విష్ణువర్ధన్ పంపిన మెసేజీలు. లహరి నిలబడే చదివింది. ఉప్పు యాడ పెట్టినావు? నాయన మాత్రలు కనపడలే. ఫోను ఎత్తవేమి? స్టార్టరు ఎట్ల ఎయ్యల్ల, అమ్మకు తెల్దంట. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత, మాత్రలు దొరికినాయి. మోటారు ఏసినాం. ఆఖరున, సాయంత్రం, ఉప్పు దొరికింది.

ఆమె ఆ ఆఖరి మెసేజీని మళ్లీ చదువుకుంది. నాలుగేళ్ల కాపురంలో భర్త నుంచి అంత మంచి కబురు వచ్చిన గుర్తు లేదు. తను ఎత్తకపోతే ఉప్పు దొరుకుతుంది. వెనక్కి తిరిగి, ఇంకా గదికి తాళం వేస్తున్న మేడం దగ్గరికి వెళ్లింది.

నేరుగా క్లాసుకు మారిన సంగతి ఇంట్లో చెప్పినప్పుడు ముందు సుబ్బలక్ష్మమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది.

"నువ్వు రోజూ ఆడికి పోతే మరి హాజరు ఎవురేస్తారు?"

"నేనే ఏసుకుంటా అత్తా. ఇన్నాళ్లు విన్న పాఠాల్లో నీకేమన్నా గుర్తుందా?"

"నేను ఆ పచ్చది ఎప్పుడొస్తాదా అని చూస్తాంటి గానీ, పాఠం యాడ వింటి?"

లహరి నవ్వింది. ఇంటిల్లిపాదీ నొక్కిన చదువును ఇంట్లో ఒక్కరూ వినలేదన్నమాట. ఎర్రన్న తన బొటనవేలిని ఒకసారి చూసుకుని, "పోనీలేరా, ఆ పిల్ల యేలు ఆ పిల్లనే పెట్టుకోనీ" అని కొడుకుతో అన్నాడు. ఆయనకు మొదట్నుంచీ ఆ అనుమానం ఉండనే ఉంది.

విష్ణువర్ధన్ అంత తేలిగ్గా వదలలేదు. ఎండలన్నాడు, బస్సులో తోపులాట అన్నాడు, నలుగురూ ఏమనుకుంటారన్నాడు.

"ఆడోళ్లు యాడికంటే ఆడికి పోవచ్చునని నువ్వే కదప్పా మైకులో చెప్పినావు" అన్నది లహరి. మైకులో చెప్పిన మాటకు ఇంట్లో జవాబు అడుగుతారని అతను ఎన్నడూ అనుకోలేదు.

"సరే, పో. ఫోనన్నా ఎత్తు" అన్నాడు.

సోమవారం పొద్దున లహరి ఒక్క పూటకే వండింది. కొత్త పుస్తకం, నీళ్ల సీసా సంచిలో పెట్టుకుంది. ఫోనును తీసుకెళ్లి, గట్టు మీద పప్పుడబ్బాకు ఆనించి, పడిపోకుండా సరిగ్గా నిలబెట్టింది. అత్త వింతగా చూసింది.

"అదేంది, ఫోను మర్చిపోయి పోతాండావే?"

"మర్చిపోలేదత్తా. ఇన్నాళ్లు నేను ఇంట్లో ఉంటి, నా బదులు ఫోను క్లాసుకు పోతాండె. ఇంక నేను క్లాసుకు పోతా, నా బదులు ఫోను ఇంట్లో ఉంటాది. మోగితే నువ్వే నొక్కు, నీకు అలవాటే కదా."

గేటు దాటుతుండగానే లోపల ఫోను మోగింది. తోటలోంచి విష్ణువర్ధనే అయ్యుంటాడు, త్రీఫేజు వచ్చే వేళ. లహరి కాళ్లు పాత అలవాటున ఆగాయి. వసారాలో అత్త చేతులు తుడుచుకుని, పరుగున వంటింట్లోకి పోయి నొక్కింది, మోత ఆగింది. తర్వాత ఆవిడ గొంతు, వీధిలోకి వినిపించేంత గట్టిగా.

"లేదప్పా. క్లాసులో ఉండాది."

బస్సు ఇంకా రానే లేదు. లహరి హాజరు మాత్రం అప్పుడే పడింది.